అండంలోని కండె పోగులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో ఫలదీకరణ మీద వచ్చిన వ్యాసం శుక్రకణం అండంలోకి ప్రవేశించడంతో ముగిసింది. ఆ తర్వాత అండం లోపల ఏం జరుగుతుందని అడుగుతూ వచ్చిన ఉత్తరాలలో ఐదింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాము. ఐదు ప్రశ్నలూ వేర్వేరుగా కనిపించినా, అన్నీ సూక్ష్మనాళికలనే సన్నని ప్రోటీన్ గొట్టాల చుట్టూ తిరిగేవే.

ప్రశ్న: సెంట్రియోల్‌లు కణంలో రెండు ధ్రువాలకు చేరుకుంటే వాటి మధ్య కండె ఏర్పడుతుందని మా పాఠ్యపుస్తకంలో ఉంది. స్త్రీ అండంలో సెంట్రియోల్‌లు ఉండవని మా అధ్యాపకులు చెప్పారు. అలాగైతే అది విభజన ఎలా చెందుతుంది?
– బైపీసీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మీ పుస్తకం చెప్పిందీ సరైనదే, మీ అధ్యాపకులు చెప్పిందీ సరైనదే. పుస్తకం వర్ణించినది చర్మంలోనో కాలేయంలోనో జరిగే మామూలు సమవిభజనను. అండంగా మారబోయే కణంలో, అంటే అండమాతృకలో జరిగే, క్రోమోజోముల సంఖ్యను సగానికి తగ్గించే క్షయకరణ విభజనకు వేరే ఏర్పాటు ఉంది.

ముందు కండె దేనితో తయారవుతుందో చూద్దాం. ఆంగ్లంలో దీనికి రాట్నపు కదురు పేరు పెట్టారు. మన పాఠ్యపుస్తకాలు రాసినవారు నేతపనివారి దగ్గర నుంచి కండె అనే మాట తీసుకున్నారు. నాడెలో అమర్చే నూలుకండెను చూసినవారికి ఈ పేరు ఎంత చక్కగా అమరిందో తెలుస్తుంది. కణంలోని కండె పోగులే సూక్ష్మనాళికలు. ట్యూబులిన్ అనే ప్రోటీన్‌లో ఆల్ఫా, బీటా అనే రెండు రకాల అణువులు జతకడతాయి. ఆ జతలు ఒకదాని వెంట ఒకటి చేరి వరుసలవుతాయి. సాధారణంగా అలాంటి 13 వరుసలు పక్కపక్కన అతుక్కుని ఒక బోలు గొట్టం అవుతుంది. దాని మందం 25 నానోమీటర్లు మాత్రమే. అంటే ఒక తలవెంట్రుక మందం రావాలంటే సుమారు 3,000 గొట్టాలను పక్కపక్కన పేర్చాలి.

నేతతో పోలిక ఇక్కడ ఆగిపోతుంది. మగ్గం మీది పోగు ఒకసారి వడికిన తర్వాత అలాగే ఉంటుంది, కానీ సూక్ష్మనాళిక నిమిషం కూడా నిలకడగా ఉండదు. కొసన ట్యూబులిన్ జతలు చేరుతుండగా పొడవు పెరుగుతుంది, ఉన్నట్టుండి కూలి పొట్టిదవుతుంది, మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది. 1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ వెల్లడించిన ఈ గుణాన్ని గతిశీల అస్థిరత అంటారు. కణవిభజన గురించి తెలిసిన విషయాలలో నాకు అత్యంత అందంగా కనిపించేది ఇదే. క్రోమోజోములు ఎక్కడున్నాయో పోగులకు ముందుగా తెలియదు. అన్ని దిక్కులకూ పెరుగుతూ, దేనికీ తగలనివి కూలిపోతూ, క్రోమోజోమును తాకినవి మాత్రం నిలబడుతూ ఉండడం వల్లనే, చివరకు ప్రతి క్రోమోజోమూ పోగులకు పట్టుబడుతుంది.

ఒకప్పుడు ఈ పోగులు ఉన్నాయా అన్నదే వివాదంగా ఉండేది. రసాయనాలతో కణాన్ని చంపి రంగు వేసినప్పుడు ఏర్పడే గీతలే తప్ప బతికున్న కణంలో ఇవి ఉండవని వాదించినవారు ఉన్నారు. 1953లో షిన్యా ఇనౌయే, తాను మెరుగుపరచిన ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినితో, సజీవ కణాలలోనే ఆ పోగులను చూపించి ఆ వాదాన్ని ముగించారు. ఆయన చూపించిన కణాలలో ఒకటి కీటాప్టెరస్ అనే సముద్రపు పురుగు అండం కావడం మన విషయానికి దగ్గరి సంగతి.

ఇక మీ ప్రశ్నకు వద్దాం. మామూలు కణంలో సెంట్రోసోమ్ అనే కేంద్రం నుంచి సూక్ష్మనాళికలు మొలుస్తాయి. దాని నడుమ ఉండే జంటే సెంట్రియోల్‌లు. మానవ అండమాతృకలో కూడా తొలి దశలో ఇవి ఉంటాయి గాని, అండం పెరిగే క్రమంలో మాయమవుతాయి. ఆ తర్వాత పోగులను పుట్టించే పనిని ప్రధానంగా క్రోమోజోములే చేపడతాయి. రాన్ అనే ప్రోటీన్ క్రోమోజోముల దగ్గర మాత్రమే చురుకైన రూపంలో ఎక్కువగా ఉండి, ఆ పరిసరాలలోనే పోగులు పుట్టేలా చేస్తుంది. మొదట ఆ పోగులు చిక్కుపడిన గుత్తిలా ఉంటాయి. వాటి మీద నడిచే చలన ప్రోటీన్లు ఒక్కొక్క పోగునూ అటూ ఇటూ లాగి, వరుసలో పెట్టి, చివరకు రెండు కొసలున్న కండెగా తీరుస్తాయి. ఇల్లు కట్టడానికి నాలుగు మూలలా గుంజలు పాతకుండా, నడుమ ఉన్న సామాను చుట్టూ గోడలు లేపడం వంటిది ఇది.

ఎలుక అండమాతృకలో సెంట్రియోల్‌లు లేకపోయినా, వాటి బదులు పనిచేసే చిన్న కేంద్రాలు 80కి పైగా ఏర్పడి, గుంపులై రెండు ధ్రువాలుగా సర్దుకుంటాయి. మానవ అండంలో అంత సౌకర్యం లేదు. మెలీనా షుహ్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధనలో, చికిత్స పొందుతున్న స్త్రీలు దానంగా ఇచ్చిన 100కు పైగా సజీవ అండమాతృకలను గమనించారు. కండె పూర్తిగా ఏర్పడటానికి సుమారు 16 గంటలు పట్టింది. మామూలు కణం ఈ పనిని అర గంట పరిధిలో ముగిస్తుంది. అంతసేపు పట్టడమే గాక, ఏర్పడిన కండె చాలా అండాలలో మధ్యమధ్య ఆకారం తప్పి మూడు నాలుగు కొసలుగా చీలి, తిరిగి సర్దుకుంటూ ఉంది. పోగులను కట్టగా పట్టి ఉంచే కేఐఎఫ్‌సీ1 అనే చలన ప్రోటీన్ మానవ అండంలో కొరవడటం ఇందుకు ఒక ముఖ్య కారణమని అదే బృందం 2022లో తేల్చింది. ఆ ప్రోటీన్‌ను బయటి నుంచి అందించినప్పుడు కండె స్థిరపడింది.

అండంలో క్రోమోజోముల పంపకం ఎందుకు అంత తరచుగా తప్పుతుందో ఇందులో కొంత అర్థమవుతుంది. మిగిలిన కారణం వయసు. ఆడపిల్ల పుట్టకముందే ఆమె అండమాతృకలు క్షయకరణ విభజన మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయి, దశాబ్దాలు వేచి ఉంటాయి. క్రోమోజోముల జతలను పట్టి ఉంచే కొహెసిన్ అనే ప్రోటీన్ ఆ కాలంలో క్రమంగా తగ్గిపోతుంది. పట్టు సడలిన జతను స్థిరంగా లేని కండె లాగినప్పుడు పంపకం తప్పే అవకాశం పెరుగుతుంది. ఒక క్రోమోజోము అదనంగా చేరడం వల్ల వచ్చే డౌన్ సిండ్రోమ్‌తో బిడ్డ పుట్టే అవకాశం తల్లికి 20 ఏళ్ళ వయసులో సుమారు 1,500లో 1, 40 ఏళ్ళకు సుమారు 100లో 1 అని చెప్పే లెక్కల వెనుక ఉన్న కథ చాలావరకు ఇదే.

ప్రశ్న: తండ్రి నుంచి బిడ్డకు వచ్చేది 23 క్రోమోజోములేనా? శుక్రకణపు కేంద్రకం, అండపు కేంద్రకం అంత పెద్ద కణంలో ఒకదాన్నొకటి ఎలా వెతుక్కుంటాయి?
– విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయులు, విజయనగరం

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు ఉండటం విశేషం. మానవులలో శుక్రకణం క్రోమోజోములతో పాటు సెంట్రియోల్‌ను కూడా తెస్తుంది, రెండు కేంద్రకాలూ కలుసుకునేది దాని వల్లనే.

దీన్ని మొదట చూసింది సీ అర్చిన్ అనే ముళ్ళ సముద్రజీవిలో. దాని అండాలు పారదర్శకంగా ఉంటాయి, శరీరం బయటే ఫలదీకరణ చెందుతాయి. అందుకే 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ రెండు కేంద్రకాలు దగ్గరై కలవడాన్ని ఆ అండంలో వర్ణించగలిగారు. శుక్రకణం లోపలికి రాగానే, దాని తల అడుగున ఉన్న సెంట్రియోల్ చుట్టూ సూక్ష్మనాళికలు సూర్యకిరణాల్లా నలువైపులా విచ్చుకుంటాయి. దీన్ని శుక్రతార అంటే బాగుంటుందని నా అభిప్రాయం. సెంట్రోసోమ్‌కు ఆ పేరు పెట్టిన థియొడోర్ బోవెరీ, అండానికి విభజన శక్తిని ఇచ్చేది శుక్రకణం తెచ్చిన ఈ కేంద్రమేనని 1880లలోనే ప్రతిపాదించారు.

ఇక్కడ ఒక అపోహ రాకుండా చూడాలి. కేంద్రాన్ని తెచ్చేది శుక్రకణమే అయినా, దాని చుట్టూ పేరుకునే ప్రోటీన్లు, పోగులు కట్టడానికి కావలసిన ట్యూబులిన్ దాదాపు మొత్తం అండం తన పెరుగుదల కాలంలో కూడబెట్టుకున్నవే. శుక్రకణం తెచ్చేది తోడు చుక్క వంటిదైతే, గిన్నెడు పాలూ అండానివి.

శుక్రతార పెరిగేకొద్దీ రెండు పనులు జరుగుతాయి. డైనీన్ అనే చలన ప్రోటీన్ పోగుల మీదుగా కేంద్రం వైపు నడవగలదు. కణద్రవ్యంలో నిలిచిన డైనీన్ పోగులను లాగుతుంది. పొడవైన పోగు మీద ఎక్కువ డైనీన్ పట్టు దొరుకుతుంది కాబట్టి లాగుడు ఆ వైపు బలంగా ఉంటుంది. అంచు దగ్గర పుట్టిన తారకు గోడవైపు పోగులు పొట్టిగా, నడిమి వైపు పోగులు పొడుగ్గా ఉంటాయి కనుక, తార మొత్తం శుక్రకేంద్రకాన్ని వెంటబెట్టుకుని అండం నడిమికి జరుగుతుంది. కణానికి తన నడిబొడ్డు ఎక్కడో కొలిచి చెప్పేవారు ఎవరూ లేరు, అన్ని వైపుల పోగుల పొడవు సరిసమానమైన చోటే నడుమ. రెండో పని, తార పోగు ఒకటి అండకేంద్రకాన్ని తాకగానే, ఆ కేంద్రకం మీద ఉన్న డైనీన్ దాన్ని ఆ పోగు వెంట తార నడుమకు వేగంగా చేరుస్తుంది. అండకేంద్రకం వెతుక్కుంటూ పోదు, పోగే దాన్ని వెతికి పట్టుకుంటుంది.

అయితే శుక్రకణం తెచ్చే సెంట్రియోల్ లేనిదే అండం ఏమీ చేయలేదా? 1899లో జాక్ లోబ్ సీ అర్చిన్ అండాలను లవణ సాంద్రత మార్చిన సముద్రపు నీటిలో ఉంచి, శుక్రకణం లేకుండానే వాటిలో అభివృద్ధి మొదలయ్యేలా చేశారు. అలా ప్రేరేపించిన అండాలలో శుక్రకణం ఏదీ తేకపోయినా తారలు వాటంతటవే పుడతాయి. అంటే కేంద్రాన్ని తయారుచేసుకునే సామర్థ్యం అండంలో ఉంది, కానీ మామూలుగా అది ఆ పని చేయకుండా ఆగి ఉంటుంది. తనంతట తానే కేంద్రం కట్టుకునే అండం ఫలదీకరణకు ముందే విభజన మొదలుపెట్టగలదు కాబట్టి, ఈ నిగ్రహం అవసరమేనని అనిపిస్తుంది.

ఎలుక ఇక్కడా మినహాయింపే. ఎలుక శుక్రకణంలో సెంట్రియోల్‌లు పక్వమయ్యే క్రమంలో క్షీణించిపోతాయి. అందువల్ల ఎలుక పిండం తొలి విభజనలన్నీ సెంట్రియోల్‌లు లేకుండానే జరుపుకుని, బ్లాస్టోసిస్ట్ దశ (పిండం బోలు బంతిలా మారే దశ) దగ్గరపడ్డాక వాటిని కొత్తగా తయారుచేసుకుంటుంది. ప్రయోగశాలల్లో అన్నిటికంటే ఎక్కువగా వాడే క్షీరదం ఎలుక కావడం వల్ల, మానవులలోనూ ఇంతేనన్న అభిప్రాయం ఏర్పడే ప్రమాదం ఉండేది. 1990లలో జెరాల్డ్ షాటెన్ బృందం మానవ అండాలను పరిశీలించి, మన సెంట్రోసోమ్ తండ్రి వైపు నుంచే వస్తుందని స్పష్టం చేసింది.

ఈ సందర్భంగా మా కిందటి వ్యాసంలోని ఒక పొరపాటు సరిదిద్దాలి. శుక్రకేంద్రకమూ అండకేంద్రకమూ కలిసి ఒకే కేంద్రకం అవుతాయని అందులో రాశాము. సీ అర్చిన్ విషయంలో అది నిజమే. మానవులతో సహా క్షీరదాలలో అలా జరగదు. ప్రాక్కేంద్రకాలు, అంటే ఇంకా కలవని ఆ శుక్ర, అండ కేంద్రకాలు, రెండూ పక్కపక్కకు వచ్చి ఆగుతాయి, వాటి పొరలు కరిగిపోతాయి, తల్లి క్రోమోజోములూ తండ్రి క్రోమోజోములూ మొదటిసారి ఒక చోటికి చేరేది తొలి విభజన కండె మీదనే. ఎలుకలో అక్కడ కూడా మొదట రెండు కండెలు పక్కపక్కన ఏర్పడి, తల్లివీ తండ్రివీ విడివిడిగా పట్టుకుని, ఆ తర్వాతే ఒకే వరుసలోకి వస్తాయని యాన్ ఎలెన్‌బెర్గ్ బృందం 2018లో చూపించింది.

ప్రశ్న: మేము సంతానం కోసం ఐవీఎఫ్ చికిత్స తీసుకుంటున్నాము. ఒక పిండంలో మూడు ప్రాక్కేంద్రకాలు కనిపించాయని, అది బాగానే విభజన చెందుతున్నా వాడలేమని చెప్పారు. కారణం మాకు అర్థం కాలేదు. తప్పు మాలో ఉందా?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: చివరి మాటకు ముందుగా జవాబు చెప్పాలి. ఇది మీరు చేసినదాని వల్లనో, చేయనిదాని వల్లనో జరిగేది కాదు.

ఫలదీకరణ జరిగిన 16 నుంచి 18 గంటల మధ్య ప్రాక్కేంద్రకాలను లెక్కపెడతారు, తర్వాత వాటి పొరలు కరిగిపోతాయి కాబట్టి లెక్క దొరకదు. రెండు ఉండాలి. మూడు ఉన్నాయంటే రెండు మార్గాలలో ఒకటి జరిగి ఉండవచ్చు. అండాన్నీ శుక్రకణాలనూ ఒకే పాత్రలో ఉంచే పద్ధతిలో అయితే రెండు శుక్రకణాలు లోపలికి వచ్చి ఉండవచ్చు. ఒకే శుక్రకణాన్ని సూదితో ప్రవేశపెట్టే ఇక్సీ పద్ధతిలో అయితే, అండం తన రెండో ధ్రువదేహాన్ని (అదనపు క్రోమోజోములతో అండం వదిలేసే చిన్న కణాన్ని) బయటకు పంపలేక, ఆ క్రోమోజోముల వాటాను లోపలే ఉంచుకుని ఉండవచ్చు.

మొదటి సందర్భంలో రెండు సెంట్రోసోమ్‌లు వచ్చి చేరతాయి. ఒక్కొక్కటీ రెండవుతుంది కనుక కండెకు రెండు కొసల బదులు మూడో నాలుగో ఏర్పడవచ్చు. ఇలాంటి అండాలనే బోవెరీ 1902లో సీ అర్చిన్‌లో పరిశీలించారు. రెండు శుక్రకణాలు చేరిన అండం ఒకేసారి నాలుగు కణాలుగా చీలింది, ఆ కణాలకు క్రోమోజోములు ఎలా పడితే అలా పంపకమయ్యాయి, వాటిని విడదీసి పెంచితే ఒక్కొక్కటి ఒక్కొక్క రకంగా వికటించింది. ప్రతి క్రోమోజోముకూ తనదైన పాత్ర ఉందనీ, సంఖ్య మాత్రమే సరిపోతే చాలదనీ ఆయన తేల్చింది ఆ వికటించిన పిండాలను చూసే.

రెండో సందర్భంలో సెంట్రోసోమ్ ఒకటే కాబట్టి కండెకు రెండు కొసలే ఉంటాయి, విభజన చూడటానికి చక్కగానే సాగుతుంది. మీకు చెప్పిన మాట బహుశా ఇదే కావచ్చు. కానీ ప్రతి కణంలోనూ 46 బదులు 69 క్రోమోజోములు ఉంటాయి. అలాంటి గర్భాలు దాదాపు అన్నీ నిలవవు. రెండు శుక్రకణాల వల్ల 69 ఏర్పడితే పాక్షిక ముత్యాల గర్భం (మాయ అసహజంగా పెరిగే గర్భం) వచ్చే అవకాశం కూడా ఉంది, అది తల్లి ఆరోగ్యానికే ఇబ్బంది. అందువల్ల ఆ పిండాన్ని పక్కన పెట్టడం మీ మేలు కోరి చేసినదే. మీకు ఏ పద్ధతి వాడారో, రెండో ధ్రువదేహం కనిపించిందో లేదో మీ వైద్యులను అడగండి. తదుపరి ప్రయత్నానికి ఆ రెండు వివరాలూ ఉపయోగపడతాయి.

మరొక్క సంగతి. సూక్ష్మనాళికలు చలికి తట్టుకోలేవు, అండం చల్లబడితే కండె కరిగిపోతుంది. ప్రయోగశాలలో అండాలను ఉంచే బల్ల మీద కూడా 37 డిగ్రీల వెచ్చదనం ఉండేలా చూసుకోవడానికి ఇది ముఖ్య కారణం.

ప్రశ్న: కప్ప అండం గుండ్రంగా ఉంటుంది కదా, వీపు ఏ వైపు రావాలో ఎవరు నిర్ణయిస్తారు?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: శుక్రకణం ప్రవేశించిన చోటు నిర్ణయిస్తుంది, అమలు చేసేవి సూక్ష్మనాళికలు. ప్రయోగశాలల్లో వాడే జెనోపస్ కప్ప అండం వ్యాసం సుమారు 1.2 మిల్లీమీటర్లు. పైసగం నల్లగా, పచ్చసొన ఉన్న కింది సగం తెల్లగా ఉంటుంది. శుక్రకణం నల్ల సగంలో ఎక్కడైనా ప్రవేశించవచ్చు. మొదటి విభజనకు పట్టే సుమారు 90 నిమిషాలలో, కింది సగపు పైపొర అడుగున సూక్ష్మనాళికలు దువ్విన జుట్టులా ఒకే దిక్కుకు వరుస తీరుతాయి. ఆ వరుసల మీదుగా పైపొర మొత్తం లోపలి ద్రవ్యం మీద సుమారు 30 డిగ్రీలు జరుగుతుంది. అడుగున ఉన్న కొన్ని పదార్థాలు ఈ కదలికతో పాటు, శుక్రకణం వచ్చిన చోటుకు ఎదురు వైపు చేరుతాయి. వీపు, వెన్ను ఏర్పడేది ఆ వైపే.

అండం అడుగుభాగం మీద అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసి ఈ వరుసలు ఏర్పడకుండా చేస్తే, తలా వెన్నూ లేని, పొట్ట భాగాలు మాత్రమే ఉన్న ముద్ద తయారవుతుంది. అదే అండాన్ని ఆ సమయంలో ఒక పక్కకు వంచి ఉంచితే, బరువైన పచ్చసొన తనంతట జారి, సూక్ష్మనాళికలు చేయవలసిన పనిని గురుత్వాకర్షణ చేసిపెడుతుంది. మామూలు తోకకప్ప పుడుతుంది. ఇంత సులభమైన ప్రయోగం ఇంత లోతైన ప్రశ్నకు జవాబు చెప్పడం జీవశాస్త్రంలో అరుదు.

ప్రశ్న: కాల్చిసిన్ అనే మందుతో గింజలు లేని పుచ్చకాయలు పండిస్తారని విన్నాను. పొలంలో చల్లవచ్చా?
– పుచ్చ రైతు, అనంతపురం జిల్లా

జవాబు: చల్లకూడదు, చల్లినా ఆ ఫలితం రాదు. కాల్చిసిన్ విషపదార్థం. మన అడవుల్లో కనిపించే అగ్నిశిఖ తీగ దుంపల్లోనూ గింజల్లోనూ అది ఉంటుంది. ట్యూబులిన్‌కు అతుక్కుని సూక్ష్మనాళికలు కట్టకుండా అడ్డుపడటం దాని పని. 1967లో గ్యారీ బోరిసీ, ఎడ్విన్ టేలర్ ట్యూబులిన్‌ను గుర్తించగలిగింది కూడా కాల్చిసిన్ దేనికి అతుక్కుంటోందో వెతుకుతూనే.

విత్తన పరిశోధకులు దీన్ని లేత మొలకల మీద, కొలత ప్రకారం వాడతారు. క్రోమోజోములు రెండింతలై కూడా కండె లేక పంపకం ఆగిపోవడంతో, నాలుగు జట్ల క్రోమోజోములున్న మొక్క వస్తుంది. దాన్ని మామూలు రెండు జట్ల మొక్కతో సంకరం చేస్తే వచ్చే విత్తనంలో మూడు జట్లు ఉంటాయి. జపాన్‌లో హితోషి కిహారా రూపొందించిన పద్ధతి ఇది. ఆ విత్తనం మొలిచి, తీగ సాగి, పూత పూస్తుంది. కానీ పువ్వులో అండం తయారయ్యే విభజనలో మూడు జట్లను రెండు వైపులకు సమంగా పంచడం కండెకు సాధ్యం కాదు, అందుకే గింజ కట్టదు. కాయ ఊరాలంటే మాత్రం పరాగం తగలాలి, దాని సొంత పుప్పొడి పనికిరాదు. మీరు గింజలు లేని రకం వేయదలిస్తే, మధ్యమధ్య మామూలు పుచ్చ మొక్కలు నాటడం, పూత సమయంలో తేనెటీగలు వచ్చిపోయే వేళల్లో పురుగుమందు కొట్టకపోవడం తప్పనిసరి.